ఒళ్లో పిల్లాడు ఉన్నంత వరకు

జనవరి 3, 1987

ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఈ డైరీ యావన్మందికి కాదు. నా ఒక్కదానికే. ఎరువుల కంపెనీ వాళ్లు మా మామగారి గింజల అడ్తి దుకాణానికి రెండు డైరీలు ఇస్తే, ఒకటి గల్లాపెట్టె దగ్గరికి పోయింది, ఒకటి నాకు దక్కింది. ప్రతి పేజీ అడుగున రైతు సోదరులకు ఒక సలహా అచ్చువేశారు. ఇవాళ్టిది: శనగలో పురుగు కనిపిస్తే దాచకుండా వ్యవసాయాధికారికి తెలియజేయండి. శనగ అదృష్టం శనగది.

రచయిత్రి పరిచయం. పేరు మహానంద. పుట్టిల్లు బీదర్. మేనమామ ఇంట్లో ఉండి హైదరాబాదులో బి.ఎస్సీ. చదివాను. కాపురం నారాయణఖేడ్. భర్త పేరు రేవప్ప. మొగుడి పేరు నోటితో అనకూడదని అత్తమ్మ చెప్పింది గాని పెన్నుతో రాయకూడదని చెప్పలేదు. కాబట్టి రేవప్ప, రేవప్ప, రేవప్ప. సంతానం ఒక్కడు. సంగమేశ్, మేం పిలిచేది సంగు. ఈ నెలతో రెండేళ్లు నిండుతాయి.

రాయడానికి కారణం: నవ్వితే నా చీర తడుస్తుంది.

రాసేశాను. పిడుగేమీ పడలేదు. సంగు పుట్టినప్పటి నుంచీ ఇంతే. నవ్వినా, దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా, కంగ్టి బస్సు గుంతలో పడినా. ముందు చెప్పి రాదు. వచ్చిందని తెలిసేసరికి వచ్చేసి ఉంటుంది. హైదరాబాదు కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ నడకను ప్రిన్సిపాల్ ముందే నడిచి చూపించి కప్పు గెలుచుకున్న మనిషిని నేను. ఇప్పుడు నాకు నేను చెప్పుకున్న జోకులకు నవ్వు రాదు కాబట్టి, జోకులన్నీ ఇందులో రాసుకుంటాను. భద్రమైన చోటు.

ఇంతవరకు ఎవరికీ తెలియదు. తెలియదు ఎందుకంటే ఒళ్లో సంగు ఉంటాడు.

జనవరి 11

పక్కింటి హన్మమ్మ మనవరాలిని తొట్టెల్లో వేశారు. ఆడవాళ్లంతా చాపల మీద. నేను పోయేముందు సంగును చంకనేసుకున్నాను. నలుగురిలోకి పోవాలంటే కొందరికి నగ కావాలి, నాకు సంగు కావాలి.

దుకాణానికి వచ్చే దలాలీ భూమన్న కందులు నోట్లో వేసుకుని కొరికి, కళ్లు మూసుకుని, శివుడు ప్రత్యక్షమైనట్టు ధర చెప్పే తీరు నేను చేసి చూపించాలట. అత్తమ్మ పక్కనే ఉంది, వద్దనలేదు. చేశాను. హన్మమ్మ చాప మీద పడి దొర్లింది. ఆవిడ దొర్లడం చూసి నాకు ఆగలేదు. మోకాళ్లు బిగించాను. బిగిస్తే ఆగుతుందని ఎవరు చెప్పారో వాళ్లను తీసుకురావాలి.

వెంటనే సంగును ఎత్తి పట్టుకుని, "అరెరె, ఆగం చేసిండు వీడు" అన్నాను. హన్మమ్మ లేచి, "పోనియ్యవ్వ, పోరల ఉచ్చ గంగనీళ్లు" అంటూ తన చీరె ఒకటి తెచ్చి ఇచ్చింది. సంగు నా మొహంకేసి చూశాడు. వాడి లాగంతా నా వల్ల తడిసింది. వాడికి ఇంకా అన్ని మాటలు రావు. అదే నా ఆస్తి.

జనవరి 12

ఇవాళ తుమ్ము రాలేదు. పండుగ.

ఫిబ్రవరి 8

అత్తమ్మ నన్ను మెచ్చుకుంది. ఈ విషయం బంగారు అక్షరాలతో రాయాలి గాని నీలి సిరా మాత్రమే ఉంది. నేను కుదురుకున్నానట. వచ్చిన కొత్తలో ఇకిలించేదాన్నట, ఇప్పుడు ఇంటి కోడలి లక్షణం వచ్చిందట. పొరుగావిడతో చెబుతుంటే విన్నాను: "మా పిల్ల నవ్వుడు బందు వెట్టింది, గంత బుద్ధి వచ్చింది."

రేవప్ప మాత్రం అలా అనుకోవడం లేదు. ఆయన నన్ను చేసుకున్నదే నవ్వు చూసి. పెళ్లిచూపుల్లో నేను వాళ్ల బాబాయి మీసం మీద ఏదో అంటే ఆయన తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. ఇవాళ అన్నం తింటూ, "మునుపటి లెక్క లేవు నువ్వు. నా మీద కోపమా?" అన్నాడు. కాదన్నాను. "మరేంది?" అన్నాడు. కూర వడ్డించాను.

మార్చి 1

శాస్త్రీయ పరిశోధన. మూత్రపు సంచిలో నీళ్లే లేకపోతే కారడానికి ఏముంటుంది? కాబట్టి నీళ్లు మానేశాను. పొద్దున ఒక లోటా, రాత్రి అరలోటా. బి.ఎస్సీ. ఊరికే పోలేదు.

మార్చి 15

పరిశోధన ఫలితం. తలనొప్పి, మంట, పోసేది పసుపు రంగు, ఘాటు వాసన. కారడం మాత్రం మానలేదు. ఇప్పుడు వాసన కూడా తోడయింది. ఎండలు ముదురుతున్నాయి కదా, చెమట వాసన అయి ఉంటుంది. చెమటే.

మార్చి 29

మా లింగాయతులకు అయిదు సూతకాలు లేవు. పుట్టుక, చావు, ముట్టు, ఎంగిలి, కులం. మెడలో లింగం ఉన్నవాళ్లకు ఇవేవీ అంటవు. ముట్టయినా పూజ మానక్కర్లేదు. హైదరాబాదులో తోటి పిల్లలు దీనికి కుళ్లుకునేవాళ్లు, నేను మహా గర్వంగా తిరిగేదాన్ని. ఈ ఆరోదాని గురించి మా మతం చెప్పిన శరణులు ఎవరూ ఏమీ చెప్పి పోలేదు. అయ్యగారిని పిలిచి అడగలేను. పొద్దున స్నానం చేసి, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, జ్ఞానం అడగడం లేదు, మోక్షం అడగడం లేదు, ఈ కాసేపు తుమ్ము రానీకు స్వామీ అంటున్నాను. ఇంత చిన్న కోరిక ఆయన ఎవరి దగ్గరా విని ఉండడు.

ఏప్రిల్ 19

సంగు ఇవాళ వాకిట్లో ఆడుతూ ఆడుతూ ఆగి, లాగు తనే కిందికి లాక్కుని, మోరీ దాకా నడిచి వెళ్లి పోసి వచ్చాడు. వచ్చి నాతో, "ఉచ్చ పోసిన" అన్నాడు, జిల్లా కలెక్టర్ ప్రారంభోత్సవం చేసినట్టు.

మామ వాడిని ఎత్తుకుని దుకాణమంతా తిప్పాడు. అత్తమ్మ దిష్టి తీసింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను.

నేనూ సంతోషించానని రెండోసారి రాస్తున్నాను.

మే 3

హన్మమ్మ ఇంటికి పోయేముందు సంగుకు చెంబెడు నీళ్లు తాపాను. ఎండాకాలం, పిల్లలకు నీళ్లు తాపాలి.

మే 17

అత్తమ్మ బియ్యం చెరుగుతూ, ఎవరితోనో అన్నట్టు అంది: "పోరడు నా ఒళ్లె పొయ్యడు. వాళ్ల తాత ఒళ్లె పొయ్యడు. నీ ఒళ్లెనే పోస్తడు. గదేం గుణమో."

తల్లి ఒడి అంటే చనువు ఎక్కువ ఉంటుందని చెప్పాను. అత్తమ్మ చేటను రెండుసార్లు కొట్టి, "అయితది" అంది.

ఒళ్లో పోసే రెండేళ్ల పిల్లాడికి ఏం చెయ్యాలో ఇక్కడ అందరికీ తెలుసు. కల్హేర్ దారిలో ఒక పల్లెలో హన్మయ్య అని ఉన్నాడు. ఆదివారాలు పిల్లలను తీసుకుపోతారు. డొక్కలు ఎగరేసే పిల్లలకు, మూర్ఛ వచ్చే పిల్లలకు, పక్క తడిపే పిల్లలకు పసుపు కొమ్మును దీపంలో కాల్చి బొడ్డు కింద అంటిస్తాడు. సురుకు అంటారు. మా బీదర్ వైపు కూడా ఉంది, హైదరాబాదులో ఇది నేను జోకుగా చెప్పేదాన్ని.

మే 31

సురుకు వద్దని రేవప్పతో చెప్పాను. చదువుకున్నదాన్ని, ఒప్పుకోనన్నాను. "మరి నువ్వు చెప్పు, పోరనికి ఎందుకు తగ్గుతలేదు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది. నోట్లో దాకా వచ్చింది. మింగాను. "పెద్దయితె అదే పోతది" అన్నాను.

జూన్ 13

అత్తమ్మ రేపు హన్మయ్య దగ్గర ఒక దారం కట్టించుకుని వద్దామంది. ఉత్త దారమేనట. దారానికేముంది? దారం వల్ల నష్టం లేదు. దారమే కదా.

జూన్ 14

రాయను.

జూన్ 16

దారం కాదు.

దారం కాదని నాకు జీపులోనే తెలుసు. అత్తమ్మ సంచిలో వెన్న ఉంది. దారానికి వెన్న ఎందుకు?

నన్ను బయట నిలబడమన్నారు, తల్లి చూడకూడదట. సంగు అంగీ నా చేతిలో ఉంది. గోడ అవతల ముందు వాడి నవ్వు వినిపించింది. హన్మయ్య ఏదో ఆడించి ఉంటాడు. తరువాత వినిపించింది నవ్వు కాదు. నేను లోపలికి పరుగెత్తి వాడిని రెండు చేతులా లాక్కుని ఎత్తుకున్నాను. పరుగు, బరువు, ఏడుపు, మూడూ ఒక్కసారి. నా కాళ్ల మీదుగా కారి చాప తడిసింది.

హన్మయ్య చూసి, "భయానికి పోసిండు, మంచిదే, పోతది ఇగ" అన్నాడు.

అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. వాడి పొట్ట మీద పావలా అంత ఎర్రగా ఉంది. చర్మం లేదు. వాడు ఏడుస్తూ నా మెడ పట్టుకుని, "అమ్మా, పొయ్యను" అన్నాడు. పోసింది వాడు కాదు. పొయ్యనని మాటిచ్చింది వాడు.

జూన్ 28, బీదర్

పిల్లాడికి జ్వరం వచ్చి తగ్గింది. నాలుగు రోజులు తల్లిగారింటికి పోయి వస్తానంటే అత్తమ్మ పొమ్మంది. నిన్న అమ్మకు సంగును అప్పగించి, చీరలు చూసి వస్తానని చెప్పి, ఇక్కడ ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయాను. తెల్ల జుట్టు, పెద్ద గొంతు. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లకు వినిపిస్తుందని నేను గుసగుసగా చెప్పాను. ఆమె కూడా గొంతు తగ్గించింది. అందుకే ఆమె మీద గౌరవం పుట్టింది.

అన్నీ అడిగింది. నొప్పులు రెండు రాత్రులు పడ్డానని చెప్పాను. మంత్రసాని సిద్దమ్మ మొదటి నొప్పి నుంచే ముక్కమని అరిచిందని, ఆఖరున పొట్ట మీద మోచేత్తో కిందికి తోసిందని చెప్పాను. పిల్లాడి బరువు ఎంత అంటే, మామ కందుల కాంటాలో తూచాడు, నాలుగు కిలోలు దాటాడని చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టి నన్ను చూసింది. తరువాత? తరువాత పొట్ట జారకూడదని గుడ్డతో ఊపిరాడనంత గట్టిగా కట్టారు. పురుడు గడవగానే బిందెలు మోశాను. మలబద్ధకం ఉందా? ఉంది. దగ్గు? కందుల దుమ్ము ఇంట్లోనే దిగుతుంది, దగ్గు లేని కాలం లేదు.

ఇగ పాఠం. మా కాలేజీలో ఈ అధ్యాయం వచ్చినప్పుడు లెక్చరర్ పైకప్పు చూస్తూ "ఇంటి దగ్గర చదువుకోండి" అని కప్ప రక్తప్రసరణకు పోయాడు. కప్ప దగ్గదు, కప్ప ప్రసవించదు, కప్పకు అత్తమ్మ లేదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైన భాషలో రాసుకుంటున్నాను. కడుపు అడుగున కండరాల పట్టీ ఒకటి ఉంటుంది, మంచానికి నవారు అల్లినట్టు. మూత్రపు సంచిని, దాని మెడను కింద నుంచి మోసేది అదే. మనిషి నవ్వినా దగ్గినా పైనుంచి ఒత్తిడి పడుతుంది. అది అందరికీ పడుతుంది. నవారు బిగువుగా ఉంటే, ఆ ఒత్తిడికే సంచి మెడ నవారుకు అదుముకుని మూసుకుంటుంది. కందుల గోనె మూతిని బిగువైన మంచం మీద పెట్టి పైనుంచి నొక్కితే మూతి నలిగి ఒక్క గింజ కూడా రానట్టు. ఆ నవారు సాగి గుంట పడితే? మూతి గుంటలోకి జారుతుంది. అదుముకోవడానికి ఏమీ ఉండదు. నొక్కినదంతా గోనె పొట్ట మీద పడుతుంది, మూతిలోంచి గింజలు కారతాయి. అంతే. నొప్పులు ఎక్కువసేపు, పెద్ద తల, తొందరపడి ముక్కడం, పైనుంచి తోయడం, ఇవన్నీ కలిసి నవారును సాగదీశాయి, దాన్ని బిగించే నరాలను కూడా. పొట్టకు కట్టిన గుడ్డ, బిందెలు, దగ్గు, మలబద్ధకం, ఇవి రోజూ దాని మీద ఎక్కి తొక్కాయి.

పాపం కాదు, గాలి సోకడం కాదు, గుణం కాదు. సాగిన నవారు. వింటూ ఏడ్చాను. ఏడిస్తే కారదని అప్పుడే కనిపెట్టాను, వెక్కితేనే కారుతుంది.

మందు లేదట. మూత్రం మధ్యలో ఆపుతున్నట్టు లోపల బిగించి వదలాలి, రోజూ, నెలల తరబడి. నీళ్లు మానకూడదు. కొందరికి బాగా తగ్గుతుందట, కొందరికి కొంచెమేనట. ఆపరేషన్ హైదరాబాదులో చేస్తారు గాని, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇప్పుడే వద్దట, మళ్లీ ప్రసవమైతే మళ్లీ సాగుతుందట.

లేవబోతుంటే అడిగింది: "మీ యజమానికి తెలుసా?"

ఆయనకు కందులు తప్ప ఏమీ తెలియవని చెప్పాను. ఆమె నవ్వలేదు.

జూలై 5

బిగిస్తున్నాను. పప్పు ఉడికేటప్పుడు బిగిస్తాను, లింగపూజలో బిగిస్తాను, మామ పేపరు చదివి దేశం పాడైపోయిందని చెబుతున్నప్పుడు బిగిస్తాను. మొహంలో ఏమీ కనిపించకూడదు. నేను దేశం గురించి విచారిస్తున్నానని మామ అనుకుంటున్నాడు.

జూలై 12

అడ్తిలో పెసల దుమ్ము లేచింది. వరుసగా దగ్గు. ఆ సమయంలో సంగు నా ఒళ్లోకి ఎక్కి ఉన్నాడు, నేను ఎక్కించుకోలేదు, వాడే ఎక్కాడు. చాప తడిసింది. నలుగురూ చూశారు. వాడు దిగి, మోరీ దాకా పరుగెత్తి, లాగు దించి నిలబడ్డాడు. ఏమీ రాలేదు. అయినా నిలబడే ఉన్నాడు.

మామ అన్నాడు, ఒక సురుకుకు తగ్గనివి ఉంటాయట, రెండోది పెట్టాలట. వచ్చే ఆదివారం.

జూలై 16

చెప్పాను. రేవప్పకు కాదు, అత్తమ్మకు. వంటింట్లో ఇద్దరమే. "అత్తమ్మా, వాడు కాదు. నేను" అన్నాను.

ఆమె పప్పులో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నాకెరుకనే."

ఎప్పటి నుంచి అని అడిగాను. ఎండాకాలం నుంచట. నా చీరలు నేను చీకటితోనే ఉతుక్కోవడం చూసిందట.

"ఎరికయ్యి కూడా పోరనికి పెట్టించినవా?" అన్నాను. అత్తను నువ్వు అన్నాను. ఆమె పట్టించుకోలేదు.

"మొగపిల్లగాడు. సురుకు మానుతది. నీది బయటవడితె మానదు." పళ్లెంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "మా చిన్నత్తకు గిట్లనే ఉండె. పసుల కొట్టంల పండవెట్టిన్రు. బువ్వ నేనే ఇచ్చి వస్తుంటి, చిన్న పిల్లను. సచ్చెదాక ఆడనే ఉండె. ఇంకోపాలి పెట్టిస్తె, పోరని గుణమే అంత అంటరు, ఇడిసిపెడ్తరు. నీ దిక్కు ఎవ్వలు సూడరు. ఊకో."

ఈమెను అసహ్యించుకుందామని కూర్చున్నాను. కుదరడం లేదు. ఈ ఇంట్లో నన్ను ఇంతగా కాపాడాలనుకున్న మనిషి ఇంకొకరు లేరు. కాపాడుతున్నది నా కొడుకు పొట్ట మీద.

జూలై 18

రేపు ప్రాక్టికల్ పరీక్ష. కావలసిన పరికరాలు: చెంబెడు నీళ్లు, పొద్దున తాగడానికి. మళ్లీ చెంబెడు. దగ్గు ఉచితం.

జూలై 19

హన్మయ్య వాకిలి నిండా పిల్లలు, తల్లులు. జనం ఎక్కువై ఈసారి దీపం, చాప వాకిట్లోనే పెట్టాడు. ఈసారి రేవప్ప కూడా వచ్చాడు, మొన్నటి జ్వరానికి భయపడి. సంగు జీపు దిగగానే ఆ గోడను గుర్తుపట్టాడు. అరవలేదు. అంగీని రెండు చేతులా కిందికి లాగి పట్టుకున్నాడు.

మా వంతు వచ్చింది. నేను సంగును అత్తమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, ఒట్టి చేతులతో మధ్యకు వచ్చి నిలబడ్డాను. అత్తమ్మ నా కొంగు పట్టుకుని గుంజింది. విడిపించుకున్నాను.

"పోరడు ఎప్పుడు పొయ్యలేదు. పోసేది నేను" అన్నాను.

ముందు, మనవరాలికి దారం కట్టించడానికి వచ్చిన మా పక్కింటి హన్మమ్మ నవ్వింది. "షురువు చేసింది మహానంద" అంది. ఆమె చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి అవతలివాళ్లు. పిల్లాడిని కాపాడుకోవడానికి తల్లి ఎంత మాటైనా అంటుందని ఒక ముసలామె మెచ్చుకుంది. అన్నిటికంటే రేవప్ప. ఆయన నవ్వుతున్నాడు. ఎన్నాళ్లకో. మొహం వెలిగిపోయింది. తన పెళ్లాం తిరిగి వచ్చిందనుకున్నాడు.

ఆ మొహం చూశాక చెప్పడం మానేద్దామనిపించింది. సంగు ఇంకా అంగీ పట్టుకునే ఉన్నాడు.

దగ్గాను. గట్టిగా, కడుపులోంచి. పొద్దున తాగిన రెండు చెంబులూ ఉన్నాయి. రెండోసారి దగ్గాల్సిన పని కూడా పడలేదు. కుచ్చిళ్లలోంచి కారి, కాళ్ల మధ్య పేడ అలికిన నేల మీద పడి, వాలుకు పారుతూ రేవప్ప చెప్పుల దగ్గరికి పోయింది. ఆయన చెప్పు వెనక్కి తీశాడు.

నవ్వడం మొదట ఆపింది ఆయనే. ఆఖరున ఆపింది హన్మమ్మ.

బీదర్ డాక్టరు చెప్పినదంతా చెబుదామని నోరు తెరిచాను. నవారు, గోనె మూతి, నరాలు. అందరూ నా పాదాలకేసి చూస్తున్నారు. హన్మయ్య చేతిలో పసుపు కొమ్ము దీపం మీద ఉంది, తియ్యడం మరిచిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. మెల్లగా అడిగాడు:

"అయితె సురుకు నీకు పెట్టాల్నా, అవ్వా?"

ఎవరూ నవ్వలేదు. అది జోకు కాదు.

నేను రేవప్పకేసి చూశాను. ఆయన దగ్గరికి రాలేదు గాని, మొహంలో ఏదో వెతుకులాట. "పెట్టించుకో, మహానందా. ఏమెరుక, పోతదేమో" అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు.

పైన కాల్చితే లోపలి నవారు బిగియదు. ఇది ఈ తాలూకాలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తెలిసే, సంగు పడుకోవాల్సిన చాప మీద నేను పడుకున్నాను. మొగుడి మాట కాదనలేక అని రాస్తే బాగుంటుంది. అది కాదు. పోతదేమో అని నాకూ అనిపించింది. రెండేళ్లు ఎవరితోనూ చెప్పుకోని మనిషికి ఎవరైనా పోతుందంటే ఎంత తియ్యగా ఉంటుందో.

పసుపు కాలిన వాసన. అరిస్తే ఒత్తిడి పడుతుందని అరవలేదు.

జూలై 26

వార్తలు. బొడ్డు కింద పుండు చీము పట్టింది. అత్తమ్మ వెన్న రాస్తోంది, నాతో మాట్లాడదు, రాస్తూ ఏడుస్తుంది. డాక్టరు చెప్పినట్టు లోపల బిగిద్దామంటే పైన మంట లాగుతోంది, మానేదాకా బిగించడం బందు. హన్మమ్మ చూడటానికి రమ్మంది. పోతే నా కోసం వేరుగా గోనె పట్టా పరిచి పెట్టింది. ఎంతో ప్రేమగా, "ఈడ కూసో అవ్వా" అంది. కూర్చున్నాను. ఎవరూ దలాలీ భూమన్నను చేసి చూపించమనలేదు.

రేవప్ప దుకాణంలోనే పడుకుంటున్నాడు, పెసలకు ఎలుకల భయం. రోజూ పొద్దున వచ్చి గుమ్మంలోంచి "తగ్గిందా?" అంటాడు.

"తగ్గింది" అంటాను.

ఆగస్టు 2

సంగును ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మానేశాను. వాడు ఎక్కబోతే దించేస్తున్నాను, ఎవరైనా చూసి మళ్లీ వాడనుకుంటే కష్టం. వాడికి అర్థం కాదు. కాస్త దూరంలో నిలబడి చూస్తాడు.

ఇవాళ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నేను గోడకు ఆనుకుని పుండుకు గాలి తగలనిస్తున్నాను. వాడు వచ్చి తన అంగీ ఎత్తి, మచ్చ చూపించి, నాది చూశాడు. రెండూ చాలాసేపు పోల్చి చూశాడు. తరువాత వంగి, బుగ్గలు పూరీల్లా ఉబ్బించి, నా పుండు మీద ఉఫ్ అని ఊదాడు. గాలి కంటే ఉమ్మి ఎక్కువ పడింది. మళ్లీ ఊదాడు. ఎంత గంభీరంగా ఊదాడంటే, జిల్లా ఆసుపత్రి సివిల్ సర్జన్ కూడా అంత గంభీరంగా ఉండడు. నాకు ఆగలేదు. ఈ రెండేళ్లలో ఎన్నడూ నవ్వనంతగా, గోడకు తల కొట్టుకునేలా నవ్వాను.

వాడు కూడా నవ్వబోయాడు. అంతలో వాడి పాదాలకు తడి తగిలింది. కిందికి చూశాడు. నవ్వు పోయింది. రెండు చేతులతో పొట్ట మూసుకుని, ఒక్కో అడుగు వెనక్కి వేసుకుంటూ గుమ్మం దాకా పోయాడు.

"నేను గాదమ్మా" అన్నాడు. "నేను గాదు. నేను గాదు."